చిటికెన వేలికి తెలియని దారం

మొదట నేను దారాన్నే తిట్టాను.

అప్పటికి మా కోడలు ప్రశాంతికి మూడో నెల. మా ఇంట్లో పుట్టిన బిడ్డను చర్చిలో సంఘం ముందు దేవుడికి ప్రతిష్ఠ చేసే ఆదివారం నాయనమ్మ చేత్తో అల్లిన తెల్ల గౌను, టోపీ వేయడం ఆనవాయితీ. మా అబ్బాయికి మా అత్తగారు అల్లారు. ఇప్పుడు నా వంతు. రాజోలు దగ్గర పుట్టింట్లో పదేళ్ళకే లేసు సూది పట్టినదాన్ని నేను. మా ఇంట్లో కిటికీ తెరలు, దిండు గలీబులు, టేబుల్ గుడ్డలు, చివరికి టీవీ రిమోట్‌కి తొడుగు కూడా నా చేతివే. ఆ రిమోట్ తొడుగు సంగతి మావారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతారు.

అలాంటిది, ఆ గౌను అంచు గిన్నెలా ముడుచుకుపోవడం మొదలైంది. కుట్లు మరీ బిగుతుగా పడుతున్నాయి. దారం మంచిది కాదన్నాను. షాపు మార్చాను, సూది నంబరు మార్చాను. ఒక మధ్యాహ్నం టోపీ అల్లుతుంటే తెల్ల దారం మీద ఎర్రటి మరక కనిపించింది. లేసు అల్లేటప్పుడు మేము దారాన్ని ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి పట్టుకుంటాం. బిగువంతా ఆ వేలిదే. చూస్తే ఆ వేలి మడతలో దారం కోసుకుపోయి ఉంది. నెత్తురు కారుతున్నా నాకు నొప్పి తెలియలేదు.

అప్పుడైనా భయపడాలి కదా! లేదు. ఇన్నేళ్ళు అల్లిన వేళ్ళు మొద్దుబారక ఏమవుతాయి, మా అమ్మ వేలూ కాయ కాసి ఉండేదిగా అనుకున్నాను. గుడ్డపీలిక చుట్టి మళ్ళీ అల్లాను. అలా రెండు నెలలు గడిచాయి.

ప్రశాంతి స్కూల్లో టీచరు. ఒకరోజు నా మోచేతి కింద పాలిపోయిన మచ్చ చూసింది. అది శోభి మచ్చ అన్నాను. తను నన్ను కళ్ళు మూసుకోమని, చేతిలోని పెన్నుతో ఆ మచ్చ మీద గుచ్చింది. ఎప్పుడు గుచ్చుతావని నేను అడుగుతూనే ఉన్నాను. మర్నాడే సెలవు పెట్టి నన్ను అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరమ్మ సన్నటి నైలాన్ పోగుతో నా వేళ్ళు ముట్టుకుంటూ ఎక్కడో చెప్పమన్నారు. మోచేతి వెనక నొక్కి చూసి, చిటికెన వేలికి వెళ్ళే నరం, అల్నార్ నర్వ్, లావెక్కిందన్నారు. స్కిన్ స్మియర్, బయాప్సీ చేయించారు. రిపోర్టులొచ్చాక 'హాన్సెన్స్ డిసీజ్' అన్నారు. ఇదివరకు బీపీ ఉందన్నప్పటిలాగే "ఆయ్" అన్నాను. నాకు అర్థం కాలేదని ఆవిడకు తెలిసిపోయింది.

"దీన్ని కుష్ఠు అంటారమ్మా. భయపడకండి. ఎండీటీ అని పన్నెండు నెలల మందుంది, ఉచితంగా ఇస్తాం. మందు మొదలెట్టిన కొద్దిరోజులకే మీ నుంచి ఎవరికీ అంటదు."

ఆ మాటల్లో నేను ఒక్క మాటే విన్నాను. మా చిన్నప్పుడు దాన్ని పెద్దరోగం అనేవారు, గట్టిగా కూడా అనేవారు కాదు. బస్సులో చెయ్యి పమిట కింద దాచుకుని ఇంటికొచ్చాను.

రాగానే తెరలు దించేశాను. గలీబులు విప్పాను. నా చేత్తో అల్లినవన్నీ పెద్ద గిన్నెలో వేసి ఉడకబెట్టాను. మావారు వచ్చి నిలబడి, "జబ్బు నీకా, గలీబులకా?" అన్నారు. ఆ మాటకి ఏడుపు ఆగలేదు. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. గౌను, టోపీ పెట్టెలో అడుక్కి పోయాయి.

ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ లేదు. మావారు వాళ్ళ అక్కగారికి సంగతి చెప్పారు. వారం తిరక్కుండా ఆవిడకు నేనిచ్చిన టేబుల్ గుడ్డ కవర్లో తిరిగొచ్చింది, ఉతికి, మడతపెట్టి. ఆవిణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. నేను చేసింది మాత్రం ఏమిటి?

మందులకి ఒళ్ళు నల్లబడింది. మూడో నెలలో చెయ్యంతా సలుపు, చివరి రెండు వేళ్ళు వంగడం మొదలైంది. మందు పడలేదని ఆపేద్దామనుకున్నాను. డాక్టరమ్మ గట్టిగా కోప్పడ్డారు. అది మందు పడక కాదు, ఈ జబ్బులో వచ్చే రియాక్షనేనట, మందు ఆపకూడదట. స్టెరాయిడ్లు ఇచ్చి, వేళ్ళు వంగకుండా చేతికి స్ప్లింట్ వేశారు. సలుపు తగ్గింది. వేళ్ళు మాత్రం పూర్తిగా తిన్నగా కాలేదు.

అప్పటికే ప్రశాంతి పురిటికి కొత్తపేట, వాళ్ళమ్మగారింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. నేను వెళ్ళలేదు. జ్వరమని అబద్ధం చెప్పి మనవరాల్ని ఫోన్లో చూసుకున్నాను. ఈ జన్మకి ఆ పిల్లను ఎత్తుకునే రాత నాకు లేదనే అనుకున్నాను.

పిల్లకు మూడో నెల వచ్చాక మా ఇంటికి తీసుకొచ్చారు. నేను వంటింటి గుమ్మం దాటలేదు. ప్రశాంతి సంచి కూడా దింపకుండా నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"డాక్టరుగారు చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నానండీ అత్తయ్యగారూ. నేను విన్నాను, మీ అబ్బాయిగారికీ చెప్పేను, మా అమ్మకీ చెప్పేను. మీరొక్కరే వినలేదు. పట్టుకోండి."

పట్టుకున్నాను. పాల వాసన. ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోయింది.

ఆ సాయంత్రమే ప్రశాంతి గౌను ఏదని అడిగింది. పెట్టె తీశాను గానీ, వంగిన వేలికి దారం నిలవలేదు. ఆస్పత్రిలో చేతికి కసరత్తు నేర్పిన ఫిజియోథెరపిస్టు, స్పర్శ ఉన్న చూపుడు వేలి మీదుగా దారం పోనిమ్మని అంతకుముందే చెప్పాడు. ప్రశాంతి మొదటినుంచీ దారం పట్టేది అలాగే! పెళ్ళయిన కొత్తలో నేర్పిస్తూ, అది లేసు పట్టుకోవడం కాదు, గేదె పలుపు పట్టుకోవడమని ఎన్నిసార్లు ఆడిపోసుకున్నానో. పాపం, అప్పట్లోనే తను సూది పక్కన పెట్టేసింది.

"నీ పద్ధతి ఓసారి చూపించమ్మా," అన్నాను.

"ఆయ్, ఇన్నాళ్ళకి అడిగేరు," అని నవ్వి పక్కన కూర్చుంది.

యాభై ఆరేళ్ళ వయసులో గొలుసు కుట్టు దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకున్నాను. ముడుచుకుపోయిన అంచంతా విప్పేసి ఇద్దరం కలిసి అల్లాం. నా వరసలు వంకర, తనవి వదులు. టోపీ మీది మరక ఎంత ఉతికినా లేత గోధుమ రంగులో మిగిలింది. విప్పేస్తానంటే ప్రశాంతి ఒప్పుకోలేదు. ప్రతిష్ఠ రోజు అదే టోపీతో పిల్లను తెచ్చి సంఘం ముందు నా చేతుల్లోనే పెట్టింది. మా ఆడపడుచుగారు వచ్చి దూరంగా కూర్చున్నారు. ఆవిడ గుడ్డ ఇప్పుడు మా టేబుల్ మీదే ఉంది. ఆవిడ అడగలేదు, నేను ఇవ్వలేదు.

పన్నెండు నెలల కోర్సు అయిపోయింది. చీటీ మీద ఆర్‌ఎఫ్‌టీ, అంటే ఇక మందు అక్కర్లేదని, రాసిచ్చారు. రోజూ చేతులు నీళ్ళలో నానబెట్టి నూనె రాసుకుంటాను, ఎక్కడైనా తెగిందేమో కళ్ళతో వెతుక్కుంటాను. పొయ్యి దగ్గర నేను కుట్టుకున్న దళసరి గ్లవుజు లేకుండా గిన్నె దించను. మనవరాలి గౌన్లకు అంచులు అల్లుతున్నాను. మునుపటంత సన్నగా రావడం లేదు.

చేతిపని చేసే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎవరిచేతనైనా పెన్ను మొనతో వేళ్ళమీదా, మచ్చల మీదా ముట్టించుకోండి. తెలియకపోతే ఆ వారమే ఆస్పత్రికి వెళ్ళండి. దారాన్ని తిట్టుకుంటూ నేను పోగొట్టుకున్న నెలలు మళ్ళీ రాలేదు.

మనవరాలు ఇప్పుడు నడుస్తోంది. పట్టు దొరుకుతుందనేమో, నా ఆ వంగిన వేలినే పట్టుకుంటుంది. పట్టుకున్న సంగతి నాకు తెలియదు. అందుకే నడిచినంతసేపూ తల వంచి చూసుకుంటూనే ఉంటాను.