వదిన ఎదురొచ్చిన ఉదయం

ఆ రోజుల్లో ఊరి ఆర్థిక పరిస్థితి తెలుసుకోవడానికి పేపరు చదవనక్కర్లేదు, మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్ చూస్తే చాలు. పట్టపగలు అది కార్లతో నిండి ఉందంటే మగవాళ్ళందరూ ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నారన్నమాట. ఎనభైల మొదట్లో ఒహాయోలోని మా ఊళ్ళో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. కొత్తగా చేరిన ఇంజనీరునని నన్ను అందరికంటే ముందే సాగనంపారు. వీసా గడువు దగ్గరపడుతోంది, ఉద్యోగం దొరక్కపోతే ఇక పెట్టె సర్దుకోవడమే. అలాంటప్పుడు తమ సోఫా మీద చోటిచ్చి అన్నం పెట్టినవాళ్ళు డాక్టరు అన్నయ్య, వదిన. (సొంత అన్నయ్యేం కాదు. అక్కడ గోంగూర పచ్చడి పంచుకున్నవాళ్ళందరూ చుట్టాలే.)

టీవీలో రోజూ 'రికవరీ' అంటుండగా, ఒక ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తున్నారనీ, ఇంటర్వ్యూకి రమ్మనీ నాకు ఫోనొచ్చింది. శకునాల మీద నాకు నమ్మకం లేదు, ఆ సంగతి గొప్పగా చెప్పుకునే వయసు కూడాను. వదిన అదేమీ పట్టించుకోలేదు. "నేనెదురొస్తాలే. కారెక్కేముందు తలెత్తి నా మొహం చూడు, చాలు" అంది. తెల్లవారేసరికి బూట్లు మునిగేంత మంచు. ఆవిడ ఎర్ర పట్టుచీర కట్టి, కాళ్ళకు అన్నయ్య స్నో బూట్లు తొడిగి, చంకన నిండు బిందెతో తయారైంది. కోటు వేసుకోమంటే, "కోటేసుకుంటే చీరెవరికి కనపడుతుందయ్యా?" అని కసిరి, ముందుగానే వెళ్ళి చెత్తడబ్బా పక్కన కాచుకుని నిలబడింది.

నేను మెట్లు దిగానో లేదో కింది ఇంటి తలుపు ధడాలున తెరుచుకుంది. ఆ ఇంటాయన ఆరడుగుల పైచిలుకు మనిషి, అదే ఫ్యాక్టరీలో పని పోయి ఏడాదిగా గడ్డం పెంచుతున్నాడు. చలిలో కోటు లేకుండా నిలబడ్డ వదినను కిటికీలోంచి చూసి, మేం ఇంట్లోంచి గెంటేశామనుకున్నాడు కాబోలు, చేతికందిన పార పట్టుకుని సరిగ్గా నాకే ఎదురొచ్చాడు. "మేడమ్, ఆర్ యూ ఓకే?" అని అడిగింది ఆవిణ్ణి, గుడ్లురిమింది నన్ను. వదిన నెత్తి బాదుకుంది. "ఖర్మ! పార పట్టుకున్న ఒంటి మనిషా ఎదురు! లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరు." మళ్ళీ బయల్దేరేసరికి కారు మొరాయించింది. ఆయనే కేబుళ్ళు తెచ్చి బ్యాటరీకి ప్రాణం పోశాడు. ఈలోగా వదిన తనకొచ్చిన ఇంగ్లిషులో ఆయనకు శకునశాస్త్రమంతా బోధించింది. నేను చేరేసరికి నా వంతు దాటిపోయింది, ఆ ఉద్యోగం మరెవరికో వెళ్ళిపోయింది.

సాయంత్రం కింది ఇంటాయన మా తలుపు తట్టాడు. ఫ్యాక్టరీ వాళ్ళు తిరిగి పనిలోకి రమ్మన్నారట. "ఇట్ వర్క్స్, మేడమ్!" అంటుంటే అంత మనిషికీ కళ్ళు చెమర్చాయి. "చూశావా, నా ఎదురు వట్టినే పోలేదు. దారి తప్పి ఆయనకు తగిలింది" అంది వదిన. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నెల తిరక్కుండా అక్కడే ఇంకో ఖాళీ ఉందని ఆయనే కబురు తెచ్చాడు. ఇంటర్వ్యూనాటికి వదిన జ్వరంతో పడకేసింది. ఈసారికి ఎదురు గొడవ తప్పిందని తేలిగ్గా మెట్లు దిగాను. కింది ఇంటాయన భార్య ఎదురొచ్చింది! నుదుట వదిన పెట్టిన రూపాయంత కుంకుమబొట్టు, కోటు లేదు, చేతుల్లో పొంగిపొర్లే కాఫీ కెటిల్. "లుక్ ఎట్ మీ, హనీ" అంది వణుకుతూ. చూశాను. ఆ ఉద్యోగం నాకు రావాలని నాకంటే ఆవిడకే ఎక్కువ ఆత్రంగా ఉంది. ఉద్యోగం వచ్చింది.

ఇప్పటికీ నాకు శకునాల మీద నమ్మకం లేదు. కాకపోతే మొన్న పక్కింటి అమ్మాయి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే, మెయిల్ తెచ్చుకుందామని బయటికి రాబోయినవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయి, బట్టతల ముసలాణ్ణి నేను ఒంటిగా ఎదురుపడటమెందుకని, లోపలున్న మా ఆవిణ్ణి కేకేశాను. వచ్చేటప్పుడు కాసిని మంచినీళ్ళు పట్టుకురమ్మని కూడా చెప్పాను.