పంతొమ్మిది అంగుళాల ఛాతీ

ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. కుట్టుమిషను ముందు కూర్చున్నాకే లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు సిరిసిల్లలో మా వాడకట్టు ఆడవాళ్లు గుడ్డ కోసే ముందు కొలతలు నాకు చూపించుకుంటారు.

ఐర్లండులో నర్సుగా చేసే మా అమ్మాయి, అల్లుడు వియత్నాం నుంచి ఐదేళ్ల పాపను దత్తత తెచ్చుకున్నారు. వచ్చే నెల మా ఇంటికి తీసుకొస్తున్నారు. ఆ రోజు చుట్టాలను పిలిచి భోజనాలు పెడదామనుకున్నాం. గౌను కుడదామని జగిత్యాల నుంచి మెత్తటి నూలు గుడ్డ తెచ్చాను. కొలతలడిగితే అమ్మాయి అక్కడి అనాథాశ్రమం వాళ్లిచ్చిన కాగితాన్ని ఫోనులో పంపింది. ఛాతీ పంతొమ్మిది అంగుళాలు. అది ఏడాదిన్నర పిల్ల కొలత. మళ్లీ కొలవమన్నాను. కొలిచి అదే చెప్పింది.

అప్పుడు బరువులు చదివాను. మూడో ఏట పదిన్నర కిలోలు. నాలుగో ఏట పది కిలోల ఏడు వందల గ్రాములు. పన్నెండు నెలలకు పెరిగింది ఒక పెద్ద ఉల్లిగడ్డంత. ప్రతి వరుస చివరా సంతకముంది. ఎవరో తూచి, రాసి, లేచిపోయారు. 

ఆ వారమే కోరుట్ల నుంచి మా ఆయన అక్క వచ్చింది. సంచిలోంచి కొత్త స్టీలు కంచం, గ్లాసు తీసి నా ముందు పెట్టింది. పాపకు కానుక అనుకున్నాను.

"మంచిగున్నయి వదినె."

"గా పిల్లకు యేరే పెట్టు. కప్పలు, పాములు తిన్న నోరు. దావత్ నాడు బంతిల కూసోపెడితే మా దిక్కోళ్లు లేచిపోతరు."

"మొన్న తలకాయ కూరల నాలుక కోసం కొట్లాడింది నువ్వేనాయె."

"గది దేవునికి కోసిన మ్యాక."

మా ఆయన తల దించుకున్నాడు. దత్తత మాట విన్న రోజు నేనూ ఒక్క పూట వేరే గిన్నెల గురించే ఆలోచించాను. అది గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది.

"కంచం తీస్కపో వదినె. పిల్ల బంతిల నా పక్కనే కూసుంటది."

"అయితే మేం రాం."

"రాకుండ్రి."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నీది గూడ గిదే మాటనా?"

"పా అక్క, బస్సెక్కిస్త," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

వాళ్లు వెళ్లాక పిలుపుల చీటీ తీశాను. నలభై రెండు మందిలో పదిహేడు మంది ఆమె తరఫువాళ్లు. కొట్టేస్తే ఇరవై ఐదు. మనిషికి నూట ఇరవై గ్రాముల చొప్పున మూడు కిలోల బియ్యం. మామూలుగా పిల్లలకు సగమే వేస్తాను. పాపకు నిండు వాటా కలిపాను.