కాయ పట్టని కంచె

బైలదిల్లా ఇనుప గనుల టౌన్‌షిప్‌లో బడి రోడ్డు పొడవునా నీలిపూల కంచె ఒకటి ఉంది. దాన్ని చూసినవారు ఆ కొండపొద జాతి క్షేమంగా ఉన్నదనుకుంటారు. అది సరికాదు. కారణం తెలిసినవారు ఒక్కొక్కరే ఊరు విడిచిపోయారు. అందుచేత నేను రాయవలసి వచ్చింది.

ఆ బడిలో జీవశాస్త్రం బోధించాను. ఒంటరివాణ్ణి. గనులు విస్తరిస్తున్న ఆ సంవత్సరాలలో ఆదివారాలు కొండ మీద గడిపేవాణ్ణి. పై వాలులో, చలిగాలి తగిలే రాళ్ల మధ్య ఆ పొదలుండేవి. ఏ రెండూ ఒక తీరుగా ఉండేవి కావు. ఒకటి మోకాలెత్తు, మరొకటి మనిషెత్తు. ఒకదాని పువ్వు ముదురు నీలం, పక్కదానిది ఇంచుమించు తెలుపు. క్రమాన్ని కోరే నా కంటికి అది చికాకే. అయినా ఆ తేడాలే జాతికి బలం: తెగులు వచ్చినా, ఎండ ముదిరినా, ఏదో ఒకటి తట్టుకుని నిలుస్తుంది.

తోటల విభాగం మేస్త్రీ మా విజయనగరం వైపు మనిషి. టౌన్‌షిప్‌లో ప్రతి కంచే దారం పట్టి గీసినట్టుండాలని పైవారి ఆజ్ఞ. అందుకని అతడు కొండదారి పక్కన బాగా పూసిన ఒకే పొదను ఎంచి, దాని కొమ్మలే రోడ్డంతా నాటించాడు. అన్నీ బతికాయి, ఒక్కసారే పూశాయి. అందరూ మెచ్చుకున్నారు. కాయ మాత్రం పట్టలేదు. ఆ జాతి పువ్వుకు వేరే పొద పుప్పొడి కావాలి. కంచె అంతా నిజానికి ఒకే మొక్క.

ఈ మాట చెబితే మేస్త్రీ నవ్వాడు.

"ఇత్తనాలెందుకండీ మాస్టారూ? కొమ్మిరిసి గుచ్చితే బతుకుతాది గదా!"

"తెగులొస్తే అన్నీ ఒక్కసారే పోతాయయ్యా. పైనుంచి వేరే పొదలు తెచ్చి మధ్యమధ్య పెట్టు."

"ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ పెడితే ఆఫీసరుగారు నన్ను ఏలాడదీత్తారు." తోటపనివాళ్ల వైపు తిరిగాడు. "సూడండర్రా, మాస్టారు తను పెళ్లి సేసుకోలేదు గానీ, పొదకి సంబంధం ఎతుకుతున్నారు!"

ఆ మాట ఎవరో అక్కడివారి హల్బీ భాషలోకి మార్చగా మళ్లీ నవ్వు లేచింది. నేను నవ్వలేదు.

మరుసటి పూతకాలానికి వేరే పొదలు తెచ్చేందుకు అనుమతి సంపాదించి నేనే పైకి వెళ్లాను. వాలు లేదు. గని మెట్లు మెట్లుగా దిగుతోంది. కింద వాగు దాకా తవ్విపోసిన ఎర్రమన్ను. సాయంకాలం దాకా పక్క గట్లన్నీ వెతికాను. ఆపైన ఏటేటా వెతికాను. తోంగ్‌పాల్ వైపు గుట్టలు సైతం చూశాను. దొరకలేదు. మేస్త్రీ ఉద్యోగ విరమణ చేసి సొంతూరికి వెళ్లిపోయాడు. నన్ను పరిహసించేవారు కూడా ఇప్పుడు లేరు.

నిరుడు కంచె ఒక కొసన ఆకు మాడడం మొదలైంది. ఈ ఏడు అన్ని పొదల మీదా అదే మచ్చ.

ఇందులో పొరపాట్లుంటే చదువరులు దిద్దవలసిందిగా కోరుతున్నాను. ముఖ్యంగా, ఆ పొద మరెక్కడా మిగల్లేదన్న నా అభిప్రాయం తప్పు కావాలి. ఏ కొండవాలున గానీ, ఎవరి పెరటిలో గానీ ఈ జాతి పొద, పువ్వు రంగు మా కంచెకు తేడాగా ఉన్నది, కనిపిస్తే కొమ్మ తుంచకండి. మా కంచెలో పూత ఉండగానే కబురు చేయండి. నేనే వచ్చి పుప్పొడి తీసుకువెళతాను.