ఓడ మీద అనగూడని మాట

జువ్వలదిన్నె ఒడ్డున ఒక పాత తెరచాప ఓడను బాగుచేసి, జనం చూసేందుకు ఇసుకలో తాటి దుంగల మీద నిలబెట్టారని తెలిసి, పంతొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవిలో మా ఊరి ఆడవాళ్లం బండి కట్టుకుని వెళ్లాం. వరిచేలు తప్ప ఎరగని నాకు ఓడెక్కడం అదే మొదలు. ఒకప్పుడు దాన్ని సముద్రంలో నడిపిన సరంగు మస్తాన్ సాయిబే దగ్గరుండి అంతా చూపించాడు. చుక్కాని కూడా పట్టుకోనిచ్చాడు. చిన్నపిల్లలా దాన్ని అటూ ఇటూ తిప్పీ తిప్పీ, చివరికి పడమటి దిక్కు చూసి, "పోదాం పదండి, పొద్దు మునిగిపోతా ఉంది" అన్నాను.

సాయిబు ముఖం మారిపోయింది. "ఓడ మీద ఆ మాట అనబాకమ్మా."

"ఏ మాట?"

ఆయన నోటితో చెప్పకుండా అరచేతిని మెల్లగా కిందికి దించి చూపించాడు. మునగడం అనే మాట ఓడ చెవిన పడకూడదట.

నాకు నవ్వాగలేదు. "తాటి దుంగల మీద ఉండాది గదా సాయిబూ, ఇంకేం భయం దీనికి?"

ఆయన గొంతు తగ్గించాడు. "గట్టెక్కిన సంగతి దానికింకా తెలీదమ్మా."

అందరం నవ్వాం, ఆయనతో సహా. దిగేటప్పుడు మాత్రం నేను ఓడ చెక్క మీద చెయ్యి వేసి, "పొద్దు పడుకుంటా ఉంది, పోయొస్తాం తల్లీ" అన్నాను, దానికి వినబడేటట్టు.