ఆపడానికి కారణం

కంప్యూటరు ఆపాలంటే కారణం రాసివ్వాల్సిన ఇల్లు ఆ రోజుల్లో తెనాలి మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. ఆ ఘనత నాది. బాపట్లలో ఎంసీఏ చదువుతూ రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. మా క్లాసులో కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ మామూలు ఆపరేటింగ్ సిస్టమే. నాకూ మామూలుదే ఉంటే ఇక నా గొప్పేముంది? సర్వర్ల కోసం చేసిన సీడీ ఒక సీనియర్ దగ్గర ఉందని తెలిసి, అడిగి తెచ్చి మా డెస్క్‌టాప్‌లో ఎక్కించేశాను. వందమంది పనిచేసే ఆఫీసును నడపాల్సిన సరుకు మా ముగ్గురి నెత్తిన పడింది.

దాని దర్జా దానిది. లోపలికి వెళ్ళాలంటే మూడు మీటలు కలిపి నొక్కాలి. పాట పెడితే మూగనోము. సర్వర్‌కి పాటలెందుకని ముందే ఆపి పంపారని కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇక ఆపబోతే, ఎందుకు ఆపుతున్నారంటూ ఒక పెట్టె తెరుచుకునేది. అందులో ఏదో ఒకటి రాస్తే గాని ఓకే నొక్కనిచ్చేది కాదు. కరెంటు పోయి వస్తే, చెప్పకుండా ఎందుకు ఆపారని మళ్ళీ సంజాయిషీ. అమ్మకు ఒళ్ళు మండింది.

"గ్రైండరు ఆపితే అడగదు, ఫ్యాను ఆపితే అడగదు. దీనికేంటే అంత?"

నాన్నకు మాత్రం తెగ నచ్చింది. ఆయన దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి దగ్గర గుమాస్తా. ఏ బస్తా తిప్పి పంపినా, ఎందుకో చీటీ మీద రాసి ఆ బస్తాకు కుట్టించడం ఆయన పని. కారణం రాయకుండా దేన్నీ పక్కన పెట్టని మనిషి. మేం రాసేవన్నీ ఎవరు చదువుతారని అడిగాడు. నా కోతి బుద్ధి ఊరుకుంటుందా? కంపెనీలో పైవాళ్ళు చదువుతారని చెప్పాను. మా ఇంట్లో ఇంటర్నెట్టే లేదు. పైవాళ్ళు చదవాలంటే మా డాబా మెట్లెక్కి రావాలి.

నాన్న నమ్మేశాడు. రోజూ కొట్టు నుంచి రాగానే టైపింగు నేర్చుకుంటానని కూర్చునేవాడు. ఆ మూడు మీటలూ పసుపెక్కాయి. లేచేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుని కారణం రాసేవాడు. అవన్నీ కంప్యూటరులోనే ఒక చిట్టాలో దాగుంటాయని ఆయనకు తెలియదు. నేను అది తెరిచి చదివేదాన్ని. "అయ్యా, భోజనమునకు పిలిచినారు. అందుచేత ఆపడమైనది." "ఉరుములు వచ్చుచున్నవి. ముందు జాగ్రత్త." "దోమలు." వీటిని కంఠతా పట్టి, బాపట్ల రైల్లో నా స్నేహితురాళ్ళకు వినిపించి కడుపు చెక్కలయ్యేలా నవ్వించేదాన్ని.

కంప్యూటరు కొన్నరోజే నాన్న ఒక మాటన్నాడు. ఒక్క పేపరు తప్పినా అది రేపల్లె వెళ్ళిపోతుందని. అక్కడ ఫోటో స్టూడియో పెట్టుకున్న మా మావయ్య దాని మీద కన్నేసి, వచ్చినప్పుడల్లా నా చదువు గురించి మహా ఆపేక్షగా వాకబు చేసేవాడు. రెండో సెమిస్టరులో తప్పాను. తప్పింది ఏ పేపరనుకున్నారు? ఆపరేటింగ్ సిస్టమ్స్. ఇంట్లో సర్వర్ పెట్టుకున్నదాన్ని! ఫలితాలు ఇంకా రాలేదని ఇంట్లో బొంకేశాను. ఆదివారం మావయ్య వస్తాడంటే అన్నం సహించడం మానేసింది.

శనివారం మధ్యాహ్నం, కాసేపన్నా నవ్వుకుందామని ఆ చిట్టా తెరిచాను. అన్నిటికన్నా పైన ముందురోజుది ఉంది.

"అయ్యా, మా అమ్మాయి ఒక పేపరు తప్పినది. ఫలితాలు వచ్చి వారమైనదని కొట్టులో తెలిసినది. భయపడి చెప్పలేదు. నేను అడగను. దయచేసి మీరు కూడా అడగవద్దు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన్ని పట్టుకునా నేను రైలంతా నవ్వించింది! ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సాయంత్రం నాన్న వచ్చి చేతులు కడుక్కోగానే, పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన చూస్తుండగానే కంప్యూటరు ఆపబోయాను. పెట్టె తెరుచుకుంది. ఎందుకు ఆపుతున్నారు? రాశాను: "ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు తప్పాను. మీకు అబద్ధం చెప్పాను."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు.

"ఇంతేనా? కారణం సగమే రాశావమ్మా," అన్నాడు.

కీబోర్డు తన వైపు లాక్కుని, పసుపు వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నా మాటల కింద తనవి చేర్చాడు. చాలాసేపు పట్టింది.

"పరీక్ష మరల రాయును. కంప్యూటరు రేపల్లె పంపబడదు."

ఓకే ఆయనే నొక్కాడు.