చప్పుడు లేని మామిడి పూత

ఇవాళ పొద్దున మా అత్తగారిని పెరట్లో మామిడి చెట్టు కింద కూర్చోబెట్టాను. ఆవిడకి చూపు లేదు.

కాసేపుండి, "ఈ ఏడు పూత రాలేదా అమ్మాయ్?" అని అడిగింది.

"చెట్టు నిండా ఉంది అత్తయ్యా."

"మరి తేనెటీగల రొద ఏది?"

అప్పుడు తలెత్తి చూశాను. ఏటా ఫాల్గుణంలో వంటింట్లోకి వినపడే రొద లేదు. ఒక్క ఈగ కూడా లేదు. మాఘమంతా మబ్బూ మంచూ పట్టి పురుగు ఎక్కువైందని, చుట్టూ మిరప చేలల్లో మందు కొడుతూనే ఉన్నారు.

నా మాట నమ్మక ఆవిడ చెయ్యి చాపింది. కొమ్మ వంచి అందించాను. పూత వేళ్ళకి తగలగానే చెయ్యి లాక్కుని, "నన్ను లోపలికి తీసుకుపో" అంది.

నాకూ అక్కడ నిలబడబుద్ధి కాలేదు. పూసిన చెట్టుని చూసి భయపడటం ఇదే మొదలు. మీ పెరట్లోకి తేనెటీగలొస్తున్నాయా?