ఫోనుకు పెట్టిన ఆకు-వక్క

2024 జనవరి 12, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. సిరిగేరి దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో, లారీలు నిలిపే ఆవరణలో, మాణిక్యం స్పీకరు పెట్టిన ఫోనును ముఖానికి దగ్గరగా పట్టుకొని నిలబడి ఉంది. ముంబయిలోని ఓడల బ్రోకరు హిందీలో చెప్పిన మాటను కూతురు హిమబిందు తెలుగులో చెప్పింది. ఓడ బాడుగ టన్నుకు నూట అరవై ఎనిమిది డాలర్లు.

"తొంభై అయిదు గదా పాపా! ఆయప్పకు గుర్తు చెయ్యి."

"గుర్తుండాదంటమ్మా. అది నవంబరు రేటంట."

"నవంబర్లో ఆయప్ప చెప్పినాడనే గదా నేను సరుకు అమ్మింది!"

అవతలి వ్యక్తి మర్యాదగానే మాట్లాడాడు. ఆ రోజు అడిగారు, ఆ రోజు మార్కెట్ ఎంతుందో చెప్పాను, ఓడను ఖాయం చేయమని మీరు అనలేదు, అన్నాడు. హిమబిందు ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మాణిక్యం మొదటిసారే విన్నది, నమ్మలేకపోయింది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. కృష్ణా జిల్లా నుంచి తాతల కాలంలో వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి వేసిన కుటుంబంలో పుట్టింది. మాట మాత్రం పూర్తిగా బళ్లారి పక్క సిరుగుప్ప మాట. భర్త సుధాకర్ పొలం చూసుకుంటాడు. ఆమె 2009లో ఒక పాత ట్యాంకర్ లారీ కొని, తవుడు నుంచి నూనె తీసే ఫ్యాక్టరీలకు బాడుగకు తిప్పడం మొదలుపెట్టింది. కాలక్రమంలో అవి మూడయ్యాయి. నూనె నింపే ముందు ప్రతి ట్యాంకు లోపలి గోడను తెల్లటి గుడ్డతో తుడిపించేది. గుడ్డకు మరక అంటితే లారీ మళ్లీ కడగాల్సిందే.

ఆ ప్రాంతంలో బాడుగ మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది. సీజను మొదట్లో లారీ యజమాని రేటు చెబుతాడు. అడిగినవారు సరేనని ఆకు-వక్క పెడతారు. ఆ తరువాత డీజిలు పెరిగినా, లారీలు దొరక్కపోయినా, సరుకు చేరేదాకా అదే రేటు. 2022 వేసవిలో డీజిలు ధర పెరిగినప్పుడు మాణిక్యం పాత రేటుకే, నష్టపోతూ, సీజనంతా తోలింది. ఫ్యాక్టరీలవాళ్లు దాన్ని మరచిపోలేదు. తానే నూనె కొని విదేశానికి అమ్ముతానని ఆమె అడిగినప్పుడు, సరుకు ఓడెక్కిన తరువాతే డబ్బు ఇమ్మని మూడు ఫ్యాక్టరీలు కలిసి ఐదు వందల టన్నులు ఇచ్చింది ఆ నమ్మకం మీదనే.

రాటర్‌డ్యామ్‌లోని కొనుగోలుదారు, ఓడ బాడుగ కూడా కలుపుకొని తన రేవులో ధర ఎంతో చెప్పమన్నాడు. నవంబరు 27న బ్రోకరు తొంభై అయిదు అన్నాడు. మాణిక్యం సరేనని, బల్ల మీది ఫోను ముందు రెండు తమలపాకులు, ఒక వక్క పెట్టింది. పెద్ద లారీ తోలే తిప్పేశ్ గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"ఏందక్కా, ఫోను గూడ ఆకు నములుతాదా?"

"నువ్వు నమిలినన్ని ఆకులు మేక గూడ నమల్లేదప్పా. పో, బండి కడుగు."

ఆ సాయంత్రమే ఆమె తొంభై అయిదును లెక్కలో వేసి కొనుగోలుదారుతో ఒప్పందం మీద సంతకం చేసింది. ఓడవాళ్లతో ఏ కాగితమూ లేదు. ఉండాలని ఆమెకు తోచలేదు.

తరువాతి వారాల్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు పెరిగాయి. చాలా ఓడలు ఆ దారి వదిలి ఆఫ్రికా ఖండం చుట్టూ వెళ్లసాగాయి. ప్రతి ప్రయాణం పొడవైంది కనుక ఖాళీగా దొరికే ఓడలు తగ్గాయి, బాడుగ పెరిగింది. ఆ వార్తలు మాణిక్యమూ చూసింది. తన బాడుగ మాట్లాడేసిందే కదా అనుకొని, ఎవరికో పాపం నష్టం అన్నది.

ఇప్పుడు ఆ నష్టం డెబ్బై మూడు డాలర్ల చొప్పున ఐదు వందల టన్నులకు. రూపాయల్లో ముప్పై లక్షలు. ఆమె రెండు లారీలు అమ్మితే వచ్చేది సరిగ్గా అంత.

మాణిక్యం పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది.

"ఆగుదామమ్మా," అన్నది హిమబిందు. "తగ్గుతాదేమో."

"పెరిగితే?"

నూనె అప్పటికే మంగళూరు రేవులో అద్దె ట్యాంకులో ఉంది. నిల్వ ఉన్నకొద్దీ తవుడు నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఒప్పందం ప్రకారం అది పది శాతం దాటకూడదు. ఆ వారం పరీక్షలో 8.6 వచ్చింది. ఫిబ్రవరి పదో తేదీలోపు సరుకు ఓడెక్కకపోతే, కొనుగోలుదారు మరొకచోట కొని, ఎక్కువైన ధరను ఆమె దగ్గరే రాబట్టవచ్చు.

"ఈ రేటైనా నిలుస్తాదా అడుగు."

"పన్నెండు లోపల సంతకం పెడితే నిలుస్తాదంట."

పదకొండున్నరకు సంతకం చేసి పంపింది. లారీలు కొనడానికి గంగావతి నుంచి మనిషి వస్తున్నాడని తిప్పేశ్‌కు మరునాడు తెలిసింది.

"నా బండి గూడనా అక్కా?"

"నీదీ, రెండో బండి తోలే నారపదీ. చిన్నది ఉంటాది. దాన్ని నువ్వు తోలు. నారపకు ఏం చెప్పల్లో తెలీలేదప్పా."

"నేను చెప్తాలే." తిప్పేశ్ బండి వైపు తిరిగాడు. "ఆ ఓడ ఎట్లుంటాదో నేనెప్పుడూ చూడనే లేదక్కా. అది నా బండిని ఎట్ల తీస్కపోయింది?"



ఫిబ్రవరి 9న సరుకు ఓడెక్కింది. ఫ్యాక్టరీలకు ఇవ్వవలసింది మొత్తం ఇచ్చేసింది. ఆవరణలో రెండు లారీలు నిలిచేచోట నూనె మరకలు మిగిలాయి. తిప్పేశ్ అలవాటు కొద్దీ చిన్న లారీని ఒక పక్కకే నిలిపేవాడు.

ఫిబ్రవరి 27, మంగళవారం, బ్రోకరు తానే ఫోను చేశాడు. రాటర్‌డ్యామ్ వెళ్లే ఒక ఓడ మంగళూరులో ఆగుతోందట. అందులో ఐదు వందల టన్నులకు సరిపోయే ట్యాంకు ఖాళీగా ఉందట. ఖాళీగా పోనివ్వడం కన్నా తక్కువ బాడుగకైనా ఓడవాళ్లు నింపుకుంటారట. సరుకేమైనా ఉందా అని అడిగాడు. ఈసారి ఇది ఇవాళ్టి రేటు మాత్రమేనని ముందుగానే చెప్పాడు. హిమబిందు ఫోను దించింది.

"ఏమంటాండాడు పాపా? ఎంతంట?"

టన్నుకు 92 డాలర్లు.